ముందు గాలి, తర్వాత నీళ్లు: కర్నూలు కొళాయి వెనుక ఏముంది

తెల్లవారుజామున కర్నూలు పాతబస్తీలో ఏ సందులో నిలబడినా ముందు వినిపించేది కొళాయి బుస. నీళ్లకంటే రెండు నిమిషాలు ముందుగా గాలి వస్తుంది. కాసేపు తుస్సుమంటుంది, కాసేపు గుక్కపట్టినట్టు ఆగి ఆగి కక్కుతుంది, ఆ తర్వాత తుప్పురంగులో నాలుగు చెంబుల నీళ్లు పడతాయి. తేటనీళ్లు వచ్చేది అప్పుడే. ఆ బుస చెవిన పడగానే సందంతా లేస్తుంది. "నీళ్లు ఇడిసినారా అక్కా?" అని ఒక గడపలోంచి, "పానీ ఆయా?" అని ఎదుటి గడపలోంచి. బిందెలు, ప్లాస్టిక్ కడవలు, కడిగి పెట్టుకున్న పెయింటు డబ్బాలు, నీలం డ్రమ్ములు ఒక్కొక్కటే వాకిట్లోకి దిగుతాయి.

మా అమ్మ ఆ మొదటి నాలుగు చెంబులు బిందెలోకి ఎప్పుడూ పట్టదు. వాకిట్లో చల్లేస్తుంది. "అవి పైపు కడిగిన నీళ్లురా" అంటుంది. ఆ మాట అక్షరాలా నిజం. ఆ గాలి ఎక్కడిది, ఆ తుప్పు ఎక్కడిది అని వెతుక్కుంటూ పోతే ఆ దారి కర్ణాటకలో హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాం దాకా తీసుకుపోతుంది.

బయటి ఊళ్ల స్నేహితులు నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "మీకు తుంగభద్ర ఉంది, హంద్రీ ఉంది, ఊరి మధ్యలోంచి కేసీ కెనాల్ పోతుంది. ఇంకా నీళ్లకు కరువేంది?" న్యాయమైన ప్రశ్నే. ఊరి ఉత్తరపు అంచున తుంగభద్ర. ఊరిని రెండుగా చీల్చుకుంటూ వచ్చి హంద్రీ అందులో కలుస్తుంది. కేసీ కెనాల్ అంటే కర్నూలు-కడప కాలువ. ఊరి పేరు కూడా ఏరు దాటడంలోంచే పుట్టిందంటారు. ఆలంపురం గుడికి రాళ్లు మోసే బండ్లు ఏట్లోకి దిగేముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవట, అలా కందెనవోలు అయిందని పెద్దలు చెప్పే మాట. 2009 అక్టోబరులో ఇదే ఊరు మిద్దెల దాకా మునిగింది. ఇదే ఊళ్లో మే నెలలో ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తే జనాన్నీ చూస్తాం. మునగడం, ఎండడం ఒకే ఊరికి ఎట్లా సాధ్యం?

ముందు లెక్క వేద్దాం. ఈ విషయంలో చాలామంది లెక్క వేయకుండానే "నీళ్లు లేవు" అని తేల్చేస్తారు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది మన దేశంలో ఇంజనీర్లు పాటించే ప్రమాణం. కర్నూలు జనాభా 2011 లెక్కల నాటికే నాలుగు లక్షలు దాటింది. సులువు కోసం ఐదు లక్షలు అనుకుందాం. రోజుకు 6.75 కోట్ల లీటర్లు అవుతుంది. ఏడాదికి సుమారు 2,464 కోట్ల లీటర్లు. ఇక పేపర్లో రోజూ చదివే టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, మన కొలతలో సుమారు 2,831 కోట్ల లీటర్లు. అంటే ఐదు లక్షల మంది ఉన్న ఊరు ఏడాది పొడుగునా తాగి, వండుకుని, స్నానాలు చేసి, బట్టలు ఉతుక్కోవడానికి ఒక్క టీఎంసీ కూడా పట్టదు. 0.87 చాలు.

ఇప్పుడు ఆ అంకె పక్కన వీటిని పెట్టి చూడండి. ఊరికి ఎగువన సుంకేసుల బ్యారేజీ నిండితే 1.2 టీఎంసీలు. గోనెగండ్ల దగ్గర హంద్రీ మీద కట్టిన గాజులదిన్నె ప్రాజెక్టు, అదే సంజీవయ్య సాగర్, 4.5 టీఎంసీలు. కేసీ కెనాల్‌కు కృష్ణా నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రైబ్యునల్ ఇచ్చిన కేటాయింపు 39.9 టీఎంసీలు. హోస్పేట దగ్గరి తుంగభద్ర డ్యాంలో పట్టేది ఇప్పుడు 105 పైచిలుకు. 2009 వరదల్లో కృష్ణ, తుంగభద్ర రెండూ కలిసి శ్రీశైలం మీద పడ్డప్పుడు ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకు 25 లక్షల ఘనపుటడుగులు దాటింది. ఆ వేగంతో నీళ్లు పోతుంటే కర్నూలు ఏడాది అవసరం ఆరు నిమిషాల్లో కళ్లముందే దాటిపోతుంది. మొదటిసారి ఈ భాగహారం చేసినప్పుడు సున్నాలు తప్పాయేమోనని నేను మళ్లీ మళ్లీ చేసి చూసుకున్నాను. తప్పలేదు.

కాబట్టి నదిలో నీళ్లు తక్కువై మనకు కరువు రావడం లేదు. నీళ్లు వచ్చే నెలలు వేరు, మనకు దాహమేసే నెలలు వేరు. ఆ నడుమ ఉన్న ఎడాన్ని దాటించేది నిల్వ. నిల్వ చేసినదాన్ని ఇంటిదాకా చెడిపోకుండా చేర్చేది పైపు. చిక్కంతా ఈ రెండు చోట్లే ఉంది.

తుంగభద్ర మన వానతో పారే ఏరు కాదు. తుంగా, భద్రా రెండూ కర్ణాటకలో పడమటి కనుమల్లో పుట్టి, శివమొగ్గ దగ్గర కూడ్లిలో కలుస్తాయి. జూన్‌లో అక్కడ వానలు దిగితే ఆ నీళ్లు ముందు డ్యాం నింపాలి. డ్యాం నిండాక గేట్లెత్తితేనే మన వైపు ఏరు ఏరుగా కనిపిస్తుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో కర్నూలులో ఒక దృశ్యం చూస్తాం. పైన మబ్బు తునక ఉండదు, ఎండ చుర్రుమంటూ ఉంటుంది, ఏట్లో మాత్రం ఎర్రనీళ్లు పరుచుకుని వస్తుంటాయి. సంకల్‌బాగ్ వైపు గట్టు మీద జనం స్కూటర్లు ఆపి నిలబడతారు. "కొత్తనీళ్లొచ్చినాయి" అని ఇళ్లకు ఫోన్లు చేస్తారు. వందల కిలోమీటర్ల అవతల కురిసిన వాన అది. నవంబరు దాటితే ఏరు సన్నబడుతుంది. ఫిబ్రవరికి రాళ్లు తేలతాయి. ఏప్రిల్లో పిల్లలు ఏటి నడిబొడ్డున వికెట్లు పాతుకుంటారు. నది ఒడ్డున ఉన్న ఊరు అనే మాట మాకు ఏడాదిలో నాలుగైదు నెలలకే చెల్లుతుంది.

ఆ ఎర్రనీళ్ల రోజుల్లో కొళాయి నీళ్లు కూడా రంగు మారతాయి. వెనకటికి అవ్వలు చిల్లగింజను కడవ లోపలి అంచుకు అరగదీసేవాళ్లు. తెల్లారేసరికి మట్టి అడుగుకు దిగి పైన నీళ్లు తేటపడేవి. వాటర్ వర్క్స్‌లో పటిక కలిపేది కూడా ఇదే పనికి. నీళ్లలో తేలాడే సన్నటి మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి కాబట్టి ఎంతసేపు నిలబెట్టినా దిగవు. పటిక వాటి మధ్య ఆ తోపులాటను తగ్గిస్తుంది. రేణువులు ముద్దలుగా అతుక్కుని బరువెక్కి అడుగుకు చేరతాయి. ఆ తర్వాత ఇసుక వడపోత, ఆ తర్వాత క్లోరిన్. తేటపడ్డ నీళ్లన్నీ మంచినీళ్లు కావు. చిల్లగింజ మట్టిని దించగలదు గానీ సూక్ష్మక్రిములను చంపలేదు. ఆ పని క్లోరిన్‌ది.

డ్యాం సంగతికి వస్తే, తుంగభద్ర డ్యాం పూర్తయిన 1953లోనే కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అని ఇప్పటికీ పిలుచుకునే పేటలు ఆ మూడేళ్ల రాజధాని ముచ్చట మిగిల్చినవే. డ్యాం కట్టినప్పుడు దాని కడుపు దాదాపు 133 టీఎంసీలు. ఏటా కొట్టుకొచ్చిన పూడిక పేరుకుని ఇప్పుడు 105కు దగ్గరగా వచ్చింది. పోయిన చోటును మన 0.87తో భాగించండి. కర్నూలు లాంటి ఊరికి ముప్ఫై ఏళ్లకు సరిపడా నీళ్లు నిలిచే జాగాను మట్టి ఆక్రమించింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటే కొట్టుకుపోయినప్పుడు కర్నూలు జనం ఎందుకంత కంగారుపడ్డారో దీన్నిబట్టి అర్థమవుతుంది. మొదటిరోజు భయం వరద గురించి. రెండోరోజు నుంచి భయం వేసవి గురించి. నిండిన డ్యాంలోంచి నీళ్లు ఖాళీ చేస్తే తప్ప కొత్త పలకలు దించలేమన్నారు. గేట్ల పనిలో పండిపోయిన కన్నయ్యనాయుడు లాంటివాళ్లు పూనుకుని, పారే నీళ్లలోనే వారంలోపు గేటు చోటును మూసే స్టాప్‌లాగ్ పలకలు దించారు. ఆ వారం మా వీధి అరుగుల మీద ఇంకో మాట లేదు.

డ్యాం నుంచి మన కొళాయికి మధ్యలో సుంకేసుల ఉంది. ఇక్కడ నూటయాభై ఏళ్ల వెనక్కు పోవాలి. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచనలతో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ 1860లలో సుంకేసుల దగ్గర ఆనకట్ట వేసి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వింది. పొలాలకు నీళ్లతోపాటు పడవల రవాణా కూడా ఆ కాలువ లక్ష్యం. కంపెనీకి లెక్క కుదరలేదు. 1882లో ప్రభుత్వమే కొనేసింది. ఆ పాత ఆనకట్ట చోటే ఇప్పుడు కోట్ల విజయభాస్కరరెడ్డి పేరుతో బ్యారేజీ నిలబడింది. వినాయక చవితికి మేమంతా బొమ్మలు నిమజ్జనం చేసే వినాయక్ ఘాట్ ఆ కాలువ ఒడ్డునే.

మరి సుంకేసులలో 1.2 టీఎంసీలు పడతాయి, ఊరికి 0.87 చాలు, ఇక బాధేమిటి అనిపిస్తుంది. బ్యారేజీ ఊరి తొట్టి అయితే నిజంగానే బాధ లేదు. కానీ అది కాలువ తల. అక్కడ చేరిన నీళ్లు మూడు వందల కిలోమీటర్ల కాలువలోకి, పొలాల్లోకి, దారిలో ఉన్న ఊళ్ల తాగునీటి పథకాల్లోకి పోవాలి. పూడిక కొంత, ఎండకు ఆవిరయ్యేది కొంత. వేసవిలో అడుగంటితే కేసీ కెనాల్ వాటాగా డ్యాంలో ఉన్న 10 టీఎంసీల నుంచి విడుదల అడగాలి. ఆ నీళ్లు ఎండిన ఏట్లో పడి రావాలి. పదిరోజులు ఎండకు కాగిన ఇసుక ముందు తన దాహం తీర్చుకుంటుంది. తర్వాత రెండు ఒడ్లమీది మోటార్లు తోడుకుంటాయి. మిగిలింది సుంకేసుల చేరుతుంది. పైన వదిలిన నీళ్లకూ కింద చేరిన నీళ్లకూ మధ్య ఎంత తేడా ఉంటుందో కాలువ మీద బతికే ఏ రైతునడిగినా చెప్తాడు.

అందుకే ఊరికంటూ వేరే తొట్టి ఉండాలి. మునగాలపాడు దగ్గరి సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు అలాంటిదే. కాలువ పారుతున్నప్పుడు నింపిపెట్టుకుని కాలువ కట్టేశాక వాడుకునేది. మా ఇళ్లలో సంపు ఎలాగో ఊరికి అది అలా. నా మాట అడిగితే కర్నూలు నీళ్ల గురించి ఎవరు ఏ హామీ ఇచ్చినా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే: ఊరి పేరు మీద, పొలాల వాటాతో ముడిపెట్టకుండా, ఎన్ని రోజుల నీళ్లు నిల్వ ఉంటాయి? ముప్ఫై రోజులా, నూట ఇరవై రోజులా? కొత్త పైపులైన్ల శంకుస్థాపనలు, కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకులు కంటికి కనిపిస్తాయి. ఏప్రిల్లో బతికించేది మాత్రం ఊరికి దూరంగా ఎవరూ చూడని ఆ చెరువు లోతు.

ఇక కొళాయి బుస దగ్గరికి వద్దాం.

పైపులో రేయింబవళ్లు నీళ్లు నిండి ఉంటే కొళాయి బుసకొట్టదు. విప్పగానే నీళ్లే పడతాయి. గాలి వస్తోందంటే అప్పటిదాకా ఆ పైపు ఖాళీగా ఉందన్నమాట. ట్యాంకు నుంచి అన్ని పేటలకూ ఒకేసారి నీళ్లు వదలరు. వంతులు వేస్తారు. వంతు అయిపోయి వాల్వు కట్టేయగానే పైపులో మిగిలిన నీళ్లు పల్లపు కొళాయిల్లోంచి, అతుకుల్లోంచి, పగుళ్లలోంచి కారిపోతాయి. ఖాళీ అయిన చోటులోకి బయటిది దూరుతుంది. పొడి మట్టిలో ఉన్న పైపుకైతే గాలి. మురుగుకాలవ పక్కన, కొన్నిచోట్ల మురుగుకాలవలోనే పడుకుని ఉన్న పైపుకైతే మురుగు. ఇనుప పైపు తడిసి ఆరి, తడిసి ఆరి లోపల తుప్పు పొరలు కడుతుంది. మరుసటి వంతు నీళ్ల ఉరవడికి ఆ తుప్పు, ఆ మురుగు ముందుగా కొట్టుకొస్తాయి. అమ్మ వాకిట్లో చల్లేది దాన్నే.

వంతులు తిప్పే మనిషిని ఎప్పుడైనా దగ్గరగా చూశారా? నాలుగడుగుల ఇనుప కడ్డీ, పైన అడ్డంగా చేతిపిడి, కింద చదరపు గుంత. రోడ్డు మధ్యలో ఇనుప మూత జరిపి, కడ్డీ లోపలికి దించి, వాల్వు తలకు గుంత అమరేదాకా చేత్తో తడుముతూ కదిలిస్తాడు. అమరగానే నడుం వంచి చుట్లు మొదలుపెడతాడు, పెదాలు కదుపుతూ లెక్కపెడతాడు. మా వీధికి వచ్చే అన్నను ఒకరోజు అడిగాను, ఎన్ని చుట్లన్నా అని. "పన్నెండు తిప్పితే మీకొస్తాయి, పై వీధికీ ఎక్కుతాయి. పద్నాలుగు తిప్పితే మీకు బాగా వస్తాయి, వాళ్లకు ఎక్కవు" అన్నాడు. ఆ లెక్క ఏ కాగితం మీదా లేదు, ఆయన మణికట్టులో ఉంది. ఆయన సెలవు పెట్టిన రోజు కొత్త మనిషి వస్తే వీధిలో ఎవరో ఒకరికి నీళ్లుండవు.

రెండు చుట్ల తేడా ఎందుకంత పెద్దదంటే, పైపులో నీటిని నెట్టేది ట్యాంకు ఎత్తే. పది మీటర్ల నీటి ఎత్తుకు చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. ట్యాంకు పదిహేను మీటర్ల మీద ఉంటే కిలోన్నర. వంతు ఉన్నది గంటే కాబట్టి ఆ గంటలో అందరి కొళాయిలూ ఒకేసారి విప్పి ఉంటాయి. రోజంతా పరుచుకుని నడవాల్సిన నీళ్లు గంటలో పరుగెత్తాలి. పరుగెత్తిన కొద్దీ పైపు గోడల రాపిడికి ఒత్తిడి కరిగిపోతుంది. ట్యాంకు దగ్గరి ఇళ్లకు ధారగా, చివరి ఇళ్లకు దారంలా వస్తాయి. కాలువ కింద చివరి ఆయకట్టు రైతు పడే బాధే ఇది. పొలంలో అయినా వీధిలో అయినా మొదటివాడు గండి కొడితే చివరివాడికి తడి అందదు.

వీధిలో గండి పేరు మోటారు. సన్నటి ధార చూసి విసిగిన ఒకాయన అరహెచ్‌పీ మోటారు కొళాయికి తగిలిస్తాడు. ఆయన సంపు నిండుతుంది, పక్కింటి కొళాయి ఆగిపోతుంది. పక్కింటాయన కూడా మోటారు కొంటాడు. ఏడాది తిరిగేసరికి సందు సందంతా మోటార్ల మోతే. నేను ఎవరినీ తప్పుపట్టలేను. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో బిందె నిండకపోతే ఎవరైనా అదే చేస్తారు. కానీ మోటారు చేసే అసలు కీడు పక్కింటి నీళ్లు గుంజుకోవడం కాదు. పైపులో నీళ్లు తక్కువై మోటార్లు ఎక్కువైతే పైపు లోపల ఒత్తిడి బయటి గాలికంటే తగ్గిపోతుంది. అప్పుడు ప్రతి పగులూ ఒక నోరు అవుతుంది. చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలం మొదట్లో ఒక పేటలో అందరికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయంటే చాలాసార్లు దాని వెనక ఉండేది ఇదే. అందుకే కొళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటారు. ట్యాంకులో కలిపింది సరిపోదు. దారిలో దూరిన మురుగుతో పోరాడి, ఇంకా కొంచెం మిగిలి ఇంటికి రావాలి. క్లోరోస్కోప్ అనే చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. వీధి చివరి ఇంటి కొళాయి దగ్గర ఆ పరీక్ష చేయమని అడగడం మన హక్కు. ట్యాంకు కిందనే ఉన్న కొళాయి దగ్గర చేస్తే అది పరీక్షే కాదు.

ఇరవైనాలుగు గంటలూ నీళ్లిస్తే నీళ్ల వాడకం రెట్టింపవుతుందని చాలామంది భయం. మన ఇళ్లలో జరిగేది చూస్తే ఆ భయం తగ్గుతుంది. వంతు రాగానే మనం ముందు చేసే పని, నిన్నటి డ్రమ్ములో మిగిలిన నీళ్లు పారబోయడం. "పాతనీళ్లు" అని వాకిలి కడిగేస్తాం. మళ్లీ ఎప్పుడొస్తాయోనన్న బెంగతో అవసరానికి మించి పడతాం, మిగిలింది ఒలకబోస్తాం. ఎప్పుడు విప్పినా వస్తాయనే నమ్మకం ఉన్న ఇంట్లో డ్రమ్మే ఉండదు, పారబోయడమూ ఉండదు. మన పక్కనే కర్ణాటకలో హుబ్బళ్లి-ధారవాడ, బెళగావి, కలబురగిల్లో కొన్ని వార్డుల్లో పదిహేనేళ్ల కిందటే రేయింబవళ్లు నీళ్లిచ్చి చూపించారు. ఒడిశాలో పూరీ 2021 నుంచి ఊరంతటికీ కొళాయి నీళ్లు నేరుగా తాగేలా ఇస్తోంది. వాళ్లు ముందు చేసిన పని పైపులు మార్చడం, కారుడు కట్టడం, మీటర్లు పెట్టడం. పైపు ఎప్పుడూ నిండుగా ఉంటే లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ కాబట్టి పగులు ఉన్నా నీళ్లు బయటికి కారతాయే తప్ప మురుగు లోపలికి రాదు. ఇరవైనాలుగు గంటల నీళ్లను సౌకర్యంగా చూస్తాం గానీ అది ముందు ఆరోగ్యం.

ఆ నమ్మకం లేదు కాబట్టే ఇరవై లీటర్ల క్యాన్లు. పొద్దున్నే ఆటోలో ఖాళీ క్యాన్లు దడదడలాడుతూ వీధిలోకి రావడం ఇప్పుడు పాలవాడి గంటంత మామూలు. కర్నూలు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, గట్టిగా ఉంటాయి. గిన్నెలకు తెల్లపొర కడుతుంది. ప్లాంట్లలో ఆ బోరు నీటినే పొరగుండా నెట్టి ఉప్పులు వడకడతారు. నెట్టిన ప్రతి బకెట్టులో పెద్ద భాగమే ఉప్పునీరుగా కాలవలోకి పోతుంది. అంటే తాగే ఒక క్యాను కోసం భూమిలోంచి అంతకు ఎంతో ఎక్కువ తోడుతున్నాం. కొళాయిలో వచ్చే ఏటి నీళ్లకు నిజానికి ఆ పొర అవసరమే తక్కువ. వాటి జబ్బు ఉప్పు కాదు, దారిలో చేరే క్రిమి. మరిగించి చల్లార్చినా పోతుంది. ఒకే ఇల్లు కొళాయి పన్ను కట్టి, మోటారుకు కరెంటు కట్టి, క్యానుకు రోజూ డబ్బిచ్చి, మేలో ట్యాంకరుకూ ఇస్తోంది. అద్దె ఇళ్లలో ఉండే కూలి కుటుంబాలకు సంపు ఉండదు, మోటారు ఉండదు. వాళ్లు డబ్బుకు బదులు తమ పొద్దునే చెల్లిస్తారు. నీళ్లొచ్చే వేళకు ఇంట్లో ఒకరు ఉండి తీరాలి. ఆ ఒకరు నూటికి తొంభై ఇళ్లలో ఆడమనిషే, లేదా బడికి ఆలస్యమయ్యే ఆడపిల్ల.

వరద సంగతి ఇంకా మిగిలింది. అది చెప్పాలంటే హంద్రీ దగ్గరికి పోవాలి.

హంద్రీ మద్దికెర వైపు పొలాల్లో పుట్టి, గోనెగండ్ల, కోడుమూరు మీదుగా వచ్చి కర్నూలులో తుంగభద్రలో కలిసే వానల ఏరు. ఎగువన పెద్ద వాన పడితే గంటల్లో పొంగుతుంది, లేకపోతే ఇసుక. (హంద్రీ-నీవా కాలువలో పారేది ఈ హంద్రీ నీళ్లనుకుంటారు కొందరు. మల్యాల దగ్గర శ్రీశైలం వెనకజలాల నుంచి ఎత్తిపోసే కృష్ణ నీళ్లు అవి.) రెండు ఏర్లు కలిసే చోట ఊరుంటే వచ్చే ప్రమాదం ఒకటుంది. పెద్ద ఏరు నిండుగా ఉన్నప్పుడు చిన్న ఏటికి కలిసే దారి మూసుకుపోతుంది. నిండిన తొట్టిలోకి గొట్టం పెట్టి ఊదినట్టే. చిన్న ఏటి నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లోకి ఎక్కుతాయి. 2009 సెప్టెంబరు ఆఖరున ఎగువ కర్ణాటకలోనూ మన జిల్లాలోనూ ఒకేసారి వానలు కుమ్మరించాయి. తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. కింద శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 దాటాయి. అక్టోబరు 2న కర్నూలు మునిగింది. శ్రీశైలం గేట్లు ముందే ఎత్తి ఉంటే ఊరు ఇంతగా మునిగేది కాదన్న వాదన అప్పటినుంచీ ఉంది. గేట్ల సంగతి ఏమైనా, హంద్రీ వెడల్పు ఎంత ఉండాలో అంత లేకపోవడం మన కళ్లముందున్న నిజం.

మా మేనత్త వాళ్లిల్లు హంద్రీకి నాలుగు సందుల అవతల. వరద తీశాక బీరువా తెరిస్తే మడతపెట్టిన చీరల మధ్య బురద పలకలుగా ఆరి ఉంది. ఆ రేకుల్లాంటి మట్టిని ఆమె ఒక్కొక్క చీర మడతలోంచి చేత్తో తీసింది. గోడ మీద నీళ్లు ఆగిన గీత సున్నం వేసినా రెండేళ్లు తెలుస్తూనే ఉండింది. ఆ ఇంటికీ ఏటికీ మధ్య వరదకు ముందు ఎన్ని ఇళ్లున్నాయో ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉన్నాయి.

ఆనంద్ థియేటర్ దగ్గరి వంతెన మీద రోజూ వేలమంది హంద్రీని దాటుతాం. ముక్కు మూసుకుని దాటుతాం. ఊరి మురుగు అందులో కలుస్తుంది. మాంసం కొట్ల చెత్త, కోళ్ల ఈకలు, పాత ఇళ్లు పడగొట్టిన మట్టి ఒడ్లమీద పోసి పోసి ఏటిని కాలవంత చేశాం. అదే హంద్రీ మీదుగా కేసీ కెనాల్‌ను దాటించడానికి ఆ రోజుల్లో రాతి కమానుల వంతెన కట్టారు. ఊళ్లోనే ఉంది, పోయి చూడవచ్చు. వంతెన మీద మనుషులు కాదు, కాలువే నడుస్తుంది. పైన కడప వైపు పారే తుంగభద్ర నీళ్లు, కింద మన ఇళ్లలోంచి వచ్చిన నల్లటి నీళ్లు. రెంటికీ మధ్య ఒక రాతి మందం.

తుంగభద్ర బొత్తిగా ఎండిన ఏళ్లలో కర్నూలుకు మిగిలే ఆసరా గాజులదిన్నె. అక్కడి గేట్లెత్తి నీళ్లు వదిలి ఊరికి తెచ్చుకున్న వేసవులు ఉన్నాయి. ఆ నీళ్లు నడిచి రావాల్సింది హంద్రీ ఇసుకలోనే.